స్పేర్ డబ్బాలో పాత ప్లగ్గు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, మే నెలలో, రాజస్థాన్ ఎడారిలోని మా ఫౌజు క్యాంపులో దిగాను. మధ్యాహ్నం రెండున్నర. నీడలో నలభై ఏడు డిగ్రీలు. రామన్నపేట ఎండల్లో పెరిగినవాణ్ని, ఈ ఎండ నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. సాయంత్రానికి ముక్కులోంచి రక్తం కారింది. నా డ్యూటీ మోటార్ సైకిళ్ల మరమ్మతు. బండ్లు ఆరు.

మా పెద్ద మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. పంజాబీ హవల్దారు. మాట తక్కువ, తిట్టు ఎక్కువ. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి ఆరు బండ్ల స్పార్క్ ప్లగ్గులూ విప్పించేవాడు. మొన ఇటుక రంగులో ఉంటే ఇంజిన్ బాగున్నట్టు. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. తెల్లగా పాలిపోతే వేడెక్కుతున్నట్టు. బ్రష్షుతో తుడవాలి, మొన దగ్గరి సందు కొలవాలి, ముందు చేత్తో బిగించి ఆఖరున మాత్రమే పానా వేయాలి. పింగాణీ మీద వెంట్రుకంత చీలిక కనబడినా సుత్తితో పగలగొట్టాలి. ప్రతి బండి డబ్బాలో ఒక కొత్త స్పేర్ ఉండాలి. అది ఆర్డరు.

ఆ బండ్లలో ఒకదాని రైడర్‌ది జడ్చర్ల దగ్గరి పల్లె. ఇరవై రెండు కిలోమీటర్ల ఇసుక దారిలో ఫార్వర్డ్ పోస్టుకు కాగితాలు, మందులు మోసేవాడు. క్యాంపు మొత్తంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

"అన్నా, నా బండిని జర మంచిగ చూడు. నడుమ ఆగిందంటే నా బొక్కలు ఏరుకోవాలె" అని నవ్వేవాడు.

జూన్‌లో నాకు సెలవు దొరికింది. బాపు ఫోన్ చేశాడు.

"కిక్కు కొట్టి కొట్టి కాలు గుంజుతాందిరా. గా మిలిటరీ ప్లగ్గు ఒకటి తేరాదు?"

మా ఊళ్లో ఫౌజు నుంచి వచ్చిందంటే దుప్పటైనా బూటైనా ఒక మెట్టు పైనే. మా ఇంటి బండికీ అదే ప్లగ్గు పడుతుంది. రైడర్ డబ్బాలోని కొత్త స్పేర్ తీసి నా పెట్టెలో వేసుకున్నాను. దాని జాగాలో, పగలగొట్టాల్సిన ఒక పాత ప్లగ్గు తుడిచి పెట్టాను. పెట్టే ముందు మా ఇళ్లలో చేసే పరీక్షే చేశాను. వైరు తగిలించి, ఇంజిన్ మీద ఆనించి, కిక్కు కొట్టాను. నీలం నిప్పు టపటపా వచ్చింది. బయట వచ్చే నిప్పును నమ్మొద్దని, ఇంజిన్ లోపలి ఒత్తిడికి చీలిన ప్లగ్గు చేతులెత్తేస్తుందని ఉస్తాద్ పదిసార్లు చెప్పి ఉన్నాడు. పింగాణీ మీద చీలిక చూశాను. చూసి కూడా పెట్టాను. కొత్తవి రాగానే మార్చేద్దాం అనుకున్నాను.

బాపు బండి ఒక్క కిక్కుకే లేచింది. "మిలిటరీ మాలంటే గిదిరా!" అని వాడకట్టంతా తిరిగి చెప్పాడు. నేనూ మురిసిపోయాను.

సెలవు ముగించుకొని క్యాంపుకు చేరిన నాలుగో రోజు. కొత్త ప్లగ్గులు ఇంకా రాలేదు. పదకొండున్నరకు రైడర్ బయల్దేరాడు. వీపున మందుల సంచి, రెండు లీటర్ల నీళ్లు. రెండూ పదికి పోస్టు నుంచి వైర్‌లెస్ మోగింది.

"రైడర్ చేరలేదు. ఓవర్."

"పదకొండున్నరకే బయల్దేరాడు. మళ్లీ చూడండి. ఓవర్."

"చేరలేదు."

ఉస్తాద్, నేను జీపెక్కాం. పద్నాలుగో కిలోమీటరు దగ్గర బండి కనిపించింది. ఇంకో అయిదు కిలోమీటర్ల అవతల ముళ్లపొద కింద రైడర్. స్పృహ లేదు. సీసాలో చుక్క లేదు. ఇంజిన్‌లో ఉన్న ప్లగ్గు మొన కరిగిపోతే, స్పేర్ వేసి చూశాడు. అది నా ప్లగ్గు.

బతికాడు. కిడ్నీలు పాడయ్యాయి. ఆ ఏడాదే ఫౌజు నుంచి ఇంటికి పంపించేశారు. విచారణలో ఆఫీసర్ అడిగితే, "స్పేర్ కూడా చెడిపోయింది సార్" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. ఉస్తాద్ నా ముఖంలోకి చూశాడు. ఆ రోజు తిట్టలేదు.

నేను పదవీ విరమణ చేసి వచ్చాక మహబూబ్‌నగర్ దవాఖానలో రైడర్‌ను కలిశాను. మంచం మీద సగమైపోయాడు. చెప్పేద్దామనే వెళ్లాను. నోరు తెరిచేలోపు వాడే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకే ప్లగ్గు బిగించుడు సక్కగ రాలేదే, అన్నా. నువ్వు జీపు ఏసుకొని రాకుంటే ఆడ్నే సచ్చిపోతుంటి."

నేను తల ఊపి వచ్చేశాను. పిరికివాణ్ని. నిరుడు వాడు పోయాడు. ఇక చెప్పడానికి మనిషి లేడు.

ఇప్పుడు ఆదివారాలు వాడకట్టు వాళ్లు బండ్లు తెస్తారు. ప్లగ్గులు విప్పి చూస్తాను. చీలింది కనబడితే సుత్తి తీస్తాను. "నిప్పు మంచిగనే వస్తాంది గదనే, ఎందుకు పలగ్గొడ్తవు?" అని గొణుగుతారు. ఒక్క దెబ్బ వేసి, కొత్తది బిగిస్తాను.

ఆ రోజు పద్నాలుగో కిలోమీటరు దగ్గర, బండి పక్కన ఇసుకలో చేతిరుమాలు పరిచి ఉంది. దాని మీద పానా, బ్రష్షు, సందు కొలిచే రేకు, రెండు ప్లగ్గులు, ఆదివారం తనిఖీకి పెట్టినట్టు వరుసగా. నా ప్లగ్గును రైడర్ మసి మచ్చ లేకుండా తుడిచి పెట్టాడు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో కూర్చొని, తప్పు ఎక్కడ చేశానా అని ఒక్కొక్కటీ మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాడు.