జ్ఞానమణి పట్టికలో నలభై ఒక్క సున్నాలు

పీహెచ్‌డీ చేసేవాళ్లు గైడుకు భయపడతారని లోకం అనుకుంటుంది. మా కాలంలో అబిడ్స్‌లో థీసిస్ టైపు చేయించుకున్నవాళ్లను అడిగి చూడండి, గైడు కంటే జ్ఞానమణికే ఎక్కువ భయపడ్డామని ఒప్పుకుంటారు. గైడు రెండు నెలలకోసారి తిట్టేవాడు. ఈమె పేజీకోసారి తిట్టేది.

పెద్ద పోస్టాఫీసు దగ్గర్నుంచి నాంపల్లి వైపు వచ్చే ఒక సందులో, బట్టల కొట్టు పైన ఆమె గది. తండ్రి మెదక్ మిషన్ దవాఖానలో కాంపౌండరు. ఆమె టైపు హయ్యర్ పాసై 1988లో పట్నం వచ్చి, పెద్ద పట్టికలు పట్టే పొడుగు క్యారేజీ మెషిన్ ఒకటి కొనుక్కుని కూర్చుంది. అక్షరాలు కొట్టేవాళ్లు ఆ వీధిలో పది మంది ఉండేవారు. అంకెలు కొట్టాలంటే మాత్రం జ్ఞానమణే. "అక్షరం తప్పయితే చదివేటోడు దిద్దుకుంటడు సార్. అంకె తప్పయితే నమ్ముతడు" అనేది.

నేను, అంటే ఈ శ్రీపతి అనే ఎకనామిక్స్ లెక్చరర్ని, 1993లో ఆ మెట్లెక్కాను. నా థీసిస్ మెదక్ జిల్లా బావుల మీద. రెండు వందల పన్నెండు ఊళ్లలో, మే నెలలో, గట్టు మీద నుంచి నీళ్ల దాకా ఎన్ని మీటర్ల లోతు ఉందో తాడుకు రాయి కట్టి కొలిచాను. తాళం వేసిన తోటలు, కుక్కలు ఉన్న బావులు, మనిషి దొరకని ఊళ్లు కొన్ని కొలవలేకపోయాను. అక్కడ నా కాగితాల్లో గడి ఖాళీగా వదిలేశాను.

జ్ఞానమణి పద్ధతి ఒకటుండేది. టైపు అయ్యాక మనం స్టూలు మీద కూర్చుని అసలు కాగితంలోంచి అంకెలు పైకి చదవాలి. ఆమె టైపు చేసిన పేజీ మీద స్కేలు జరుపుకుంటూ సరిచూస్తుంది. ఒక్క వరస తప్పినా, "మల్లా మొదటి నుంచి సదవుండ్రి" అనేది. నాకు అప్పటికే పెళ్లయి ఇద్దరు పిల్లలు. అయినా ఆ స్టూలు మీద నేను మూడో తరగతి పిల్లవాణ్ణే.

ఆ పద్ధతిలో ఒకే ఒక్క బొక్క ఉంది. టైము కలిసొస్తుందని, "ఖాళీలు సదవకుండ్రి, ఉన్న అంకెలే సదవుండ్రి" అనేది. నేను సంతోషంగా ఉన్నవే చదివి, థీసిస్ ఇచ్చి, డాక్టర్ శ్రీపతినై బయటపడ్డాను. ఐదు కాపీల్లో ఒకటి యూనివర్సిటీ లైబ్రరీలో దుమ్ము పట్టింది. పట్టికలన్నీ చివర్న అనుబంధంలో ఉంటాయి. అనుబంధం చదివిన ఎగ్జామినర్ని నేను ఈ జన్మలో చూడలేదు.

కాలం మారింది. తొంభై ఏడులో జ్ఞానమణి కంప్యూటర్ కొంది. పొడుగు మెషిన్ మీద గుడ్డ కప్పి మూలకు జరిపింది. నెట్ వచ్చింది. ఇదివరకు మేం వ్యాసం పోస్టులో పంపి ఏడాది ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు ఈమెయిల్లో పంపి నాలుగు నెలలు ఎదురుచూస్తున్నాం. ఆమె నాకంటే ముందే అన్నీ నేర్చేసుకుంది. నాకు పాస్‌వర్డ్ గుర్తుండదని నా పేరున ఆమే ఒక చీటీ రాసి దగ్గర పెట్టుకుంది.

2006లో పాత బావుల లెక్కతో కొత్తగా ఒక వ్యాసం రాశాను. ఒక పత్రిక తీసుకుంది, కానీ ఒక మెలిక పెట్టింది. వ్యాసంతో పాటు పట్టిక మొత్తం ఇవ్వాలట, దాన్ని వెబ్‌సైట్‌లో పెడతారట, ఎవరైనా ఊరికే దించుకుని వాడుకోవచ్చట. నాకు ఒళ్లు మండింది. ఎండలో తాడు పట్టుకుని తిరిగింది నేను, ఎవడో ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని నా అంకెలు తీసుకోవడమా! జ్ఞానమణి నవ్వింది. "దాసిపెడితే గుడ్లు పెడ్తయా సార్?" అని థీసిస్‌లోంచి ఆ పట్టికంతా రెండు రోజుల్లో కంప్యూటర్లోకి ఎక్కించి పంపేసింది.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. వరంగల్‌లో జమున అనే రీసెర్చి విద్యార్థిని. "సార్, సగటు లోతు పన్నెండు పాయింట్ ఎనిమిది మీటర్లని వ్యాసంలో రాశారు. మీ పట్టికే కూడితే నాకు పదిన్నర వస్తోంది. ఇంకొకటి, నలభై ఒక్క ఊళ్లలో లోతు సున్నా అని ఉంది. అంటే మే నెలలో నీళ్లు గట్టు దాకా ఉన్నాయా? మాదీ మెదక్ వైపే సార్. మా తాతకు చెప్తే, ఆ బావులెక్కడున్నయో అడిగి రా, మనమూ అక్కడికే పోదామన్నాడు."

పదమూడేళ్లు ఎవరి కంటా పడనిది ఈ పిల్ల పది నిమిషాల్లో పట్టుకుంది. ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కాను. ఎప్పుడూ తిట్టించుకునేవాణ్ణి, ఇవాళ నా వంతు వచ్చిందని లోపల కొంచెం సంబరం కూడా పడ్డాను. ఆ సంగతి దాచను.

జ్ఞానమణి చదివింది. మళ్లీ చదివింది. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఖాళీలు నేనే నింపిన సార్" అంది.

"నింపడమేంది?"

"మా నాయిన మందుల రిజిస్టర్ల ఖాళీ గడి ఉండనిచ్చేటోడు కాదు. ఏం ఇయ్యకపోతే సున్నా పెట్టు, ఖాళీ ఇడిస్తే ఎవడో ఏదో రాస్తడు అనేటోడు. చిన్నప్పటి సంది అదే అలవాటు."

మందుల రిజిస్టర్లో సున్నా అంటే ఏమీ ఇవ్వలేదని. నా బావుల్లో సున్నా అంటే నీళ్లు పొంగిపొర్లుతున్నాయని. తిట్టడానికి వచ్చినవాణ్ణి స్టూలు లాక్కుని కూర్చున్నాను, ఆమె ముఖం అంత పాలిపోయి ఎప్పుడూ చూడలేదు.

"మీ ఒక్కరిదే అయితే ఫికర్ లేదు సార్. పద్దెనిమిదేండ్లల్ల ఎంతమంది పట్టికలు కొట్టిన! అన్నిట్ల గిట్లనే పెట్టిన్నేమో. నాకున్నదే గా పేరొక్కటి. ఇంక పట్టికలు ముట్ట."

"ఎవరికీ తెలియదు, ఊరుకోండి. మంచి ఫైలు ఎక్కించి పాతది తీసేద్దాం" అన్నాను.

తీసేయడం కుదరదట. ఆ వెబ్‌సైట్‌లో పాత ఫైలు కూడా తేదీతో పక్కనే ఉంటుందట. కొత్తది ఎక్కించాలంటే, ఎందుకు మార్చారు, తప్పు ఎవరి వల్ల జరిగింది అని స్క్రీన్ మీద ఒక పెట్టె అడుగుతుంది. అది నింపకపోతే ముందుకు పోనివ్వదు. ఇదెక్కడి పీడరా బాబూ అనుకున్నాను.

శనివారం పొద్దున్న మా నాంపల్లి ఇంటి అటక మీంచి పాత కాగితాల మూట దింపి ఆటోలో తెచ్చాను. ఈసారి ఆమె చదివింది, నేను స్క్రీన్ మీద సరిచూశాను. ఖాళీ గడి వచ్చినప్పుడల్లా "ఖాళీ!" అని గట్టిగా అనేది, తనను తానే మందలించుకున్నట్టు. కింద బట్టల కొట్టువాడు ఏమైందోనని ఒకసారి పైకి వచ్చి చూసి వెళ్లాడు. ముప్పై ఎనిమిది ఖాళీలు వచ్చాయి. తర్వాత ఆమె చదవడం ఆపింది.

"గీ మూడు ఖాళీ కాదు సార్. సున్నా అని ఉన్నది. మీ చేతిరాత."

ఆ మూడు ఊళ్లకూ నేను వెళ్లలేదు. ఆ రోజు బస్సు తప్పింది, ఎండ మాడ్చేస్తోంది, టీ కొట్టు నీడ చల్లగా ఉంది. మళ్లీ వచ్చి కొలవాలని గుర్తుగా సున్నా చుట్టుకున్నాను. మళ్లీ పోలేదు. ఆ సున్నాలను నిజమైన అంకెలుగా కలిపే సగటు తీశాను. అవి తీసేస్తే సగటు పదమూడు.

"మూడే కదా" అన్నాను. "నలభై ఒక్క టైపింగ్ పొరపాట్లు అని ఆ పెట్టెలో కొట్టేయండి. మీవెలాగూ ముప్పై ఎనిమిది ఉన్నాయి."

జ్ఞానమణి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"ముప్పై ఎనిమిది మోసేతందుకే నా పానం పోతున్నది సార్. ఇంకో మూడు ఎత్తుకోమంటరా?" కోపంగా కూడా అనలేదు. "పెట్టె అట్లనే ఉండనీయుండ్రి. సోమారం సూద్దాం. రేపు చర్చిల సాక్ష్యం చెప్తున్న, రాండ్రి."

నేనెప్పుడూ వాళ్ల చర్చికి పోలేదు. సాక్ష్యమంటే అందరి ముందూ లేచి తమ సంగతి చెప్పుకోవడమట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా మూడూ కలిపి చెప్పేస్తుందేమోనన్న భయంతోనే వెళ్లాను. చాపెల్ రోడ్డు దగ్గర చిన్న తెలుగు సంఘం. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. నేను చిట్టచివరి బెంచీ చూసుకున్నాను. పాటలయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్లు లేవచ్చని పాస్టరుగారు అన్నారు. జబ్బు నయమైందని ఒకరు, కొడుక్కు ఉద్యోగం వచ్చిందని ఒకరు చెప్పారు. తర్వాత జ్ఞానమణి లేచింది.

"నేను పట్టికల ముప్పై ఎనిమిది సున్నాలు పెట్టిన" అని మొదలుపెట్టింది.

ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అందరూ "ఆమేన్" అన్నారు. ఆమె ఆగకుండా చెప్పింది. తెలియనిదానికి, లేనిదానికి తేడా చూడలేదని. అందరి తప్పులు పట్టే తనే తప్పు చేసిందని. వరంగల్ నుంచి ఒక పిల్ల అడగకపోతే పోయేదాకా తెలిసేది కాదని, ఆ పిల్లను దేవుడు దీవించాలని. తను పట్టికలు కొట్టినవాళ్లలో అడ్రసు దొరికిన అరవై మందికి, మీ ఖాళీలు ఒకసారి చూసుకోండని నిన్ననే ఉత్తరాలు వేశానని. రేపటి నుంచి పని రాకపోయినా సరేనని.

నా పేరు ఎత్తలేదు. నా మూడు సున్నాల ఊసే లేదు. ముప్పై ఎనిమిదంటే ముప్పై ఎనిమిదే చెప్పి కూర్చుంది.

అందరి ముందూ పరువు పోతుందని భయపడి వచ్చినవాణ్ణి, హాయిగా ఊపిరి పీల్చుకోవాలి కదా. ఊపిరి రాలేదు. అరవై ఉత్తరాలు వేసిన మనిషి ముందు మూడు ఊళ్లు దాచుకుని కూర్చున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

"ఇంకో మూడు నావి" అన్నాను.

సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. ఈ కొత్త మనిషి ఎవరో, మూడు ఏమిటో తెలియక పాస్టరుగారు కూడా ఒక్క క్షణం తటపటాయించి, "ఆమేన్" అన్నారు. నేను గండం గడిచిందనుకుని కూర్చోబోయాను.

ఆడవాళ్ల వైపు నుంచి, తల కూడా తిప్పకుండా, జ్ఞానమణి గొంతు వినిపించింది.

"ఊర్ల పేర్లు గూడ సెప్పుండ్రి సార్."

చెప్పాను.