చంకలో చెప్పులు

మా మేనమామను తలచుకుంటే ముందు ఆయన చెప్పులే గుర్తొస్తాయి. కాళ్లకు కాదు, చంకలో.

నిజాం పాలన నాటి మాట. దేవరకొండ దగ్గరి మా ఊళ్లో దొర గడీ ముందు నుంచి పోవాలంటే, మగ్గం నేసే మావాళ్లు చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాల్సిందే. నాకు పట్నంలో మిల్లు పని దొరికాక ఆయనను పిలిపించి, టాంగా కట్టించుకుని ఊరు చూపించాను. చార్మినార్ దగ్గర దిగగానే వంగి చెప్పులు విప్పాడు. హైకోర్టు ముందూ అంతే, పెద్ద దవాఖాన ముందూ అంతే.

టాంగావాలా నవ్వాడు. "తాతా, గిది గడీ కాదు. తొడుక్కో, ఎవలేమనరు."

"గింత పెద్ద మేడల దొర లేకుండ ఉంటడా, అల్లుడా?" అని మామ నన్ను మెల్లగా అడిగాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఎవరో ఎరగనట్టు ముందు నడిచాను.

మర్నాడు దిగబెట్టడానికి ఊరికి వెళ్లాను. నా కాళ్లకు పట్నంలో కొన్న బూట్లు. మాటల్లోనే గడీ మలుపు వచ్చింది. నా చేతులు నన్నడగకుండానే లేసుల మీదికి పోయాయి. తలెత్తి చూస్తే మామ అటు తిరిగి, కోసేసిన జొన్నచేను చూస్తున్నాడు. బూట్లు నా చంకలోకి చేరేదాకా ఇటు తిరగలేదు.