మందు మానిన షావుకారు

1982లో నేను రాజమండ్రిలో ఒక మానసిక వైద్యుడి క్లినిక్‌లో నర్సుగా పనిచేసేదాన్ని. కొవ్వూరులో తమ్ముడితో కలిసి బట్టల కొట్టు నడిపే సత్యనారాయణ గారిని ఆ తమ్ముడు సుబ్బారావు మొదటిసారి తీసుకొచ్చింది అప్పుడే. భార్య కామెర్లతో పోయాక ఆయన తిండి, మాట, కొట్టు అన్నీ వదిలేశారట. డాక్టరుగారు ఇమిప్రమిన్ మొదలుపెట్టారు. అది యాంటీ డిప్రెసెంట్, అంటే తీవ్రమైన దిగులు జబ్బుకు ఇచ్చే మందు. కొన్ని నెలలకు ఆయన మళ్ళీ గల్లాపెట్టె ముందు కూర్చుని, వచ్చినవాళ్ళని పేరుపేరునా పలకరిస్తున్నారని తమ్ముడే సంతోషంగా చెప్పాడు.

మరుసటి వేసవిలో ఇద్దరూ హడావిడిగా వచ్చారు. సత్యనారాయణ గారికి ఒళ్ళంతా చెమటలు, వాంతులు. నిద్ర లేదు. ఒకచోట కూర్చోలేకపోతున్నారు.

"మళ్ళీ తిరగబెట్టిందండి," అన్నాడు సుబ్బారావు.

మందు వేసుకుంటున్నారా అని నేను అడిగితే సత్యనారాయణ గారు తల దించుకున్నారు.

"కొట్లో మాత్ర వేసుకుంటుంటే, ఇంకా పిచ్చి మందులు మానలేదా అని ఒకాయన అడిగాడమ్మా. నలుగురూ విన్నారు. ఆ రోజే ఆపేశాను."

డాక్టరుగారు అన్నదమ్ములిద్దరికీ విడమరిచి చెప్పారు. ఇది జబ్బు తిరగబెట్టడం కాదు, విత్‌డ్రాయల్. అలవాటుపడ్డ మందు ఒక్కసారిగా ఆగితే ఒళ్ళు పడే ఇబ్బంది. మందు మళ్ళీ మొదలుపెట్టి, ఆయన కుదుటపడ్డాక మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. దాన్నే టేపరింగ్ అంటారు. తగ్గించినప్పుడల్లా ఆయనకు కొద్దిరోజులు కడుపులో తిప్పేది, పీడకలలు వచ్చేవి.

"ఈ బాధ మందుదా, నాదా అమ్మా?" అని ఒకసారి నన్నడిగారు.

"మందుదైతే మెల్లగా సర్దుకుంటుందండి. సర్దుకోకపోతే వచ్చి చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి," అన్నాను.

మోతాదు తగ్గించే చివరి రోజుల్లో ఒకసారి భయపడుతూ వచ్చారు. బీరువాలో భార్య చీర కనబడితే చాలాసేపు ఏడ్చారట.

"తరవాత అన్నం తిన్నారా?" అడిగారు డాక్టరుగారు.

"తిన్నానండి. నిద్రా పట్టింది."

"అయితే అది బెంగ. దానికి మందివ్వను."

మందు పూర్తిగా ఆగింది. ఆ చలికాలంలో ఆయన ఒక్కరే వచ్చారు. మనిషి బాగానే ఉన్నారు.

"తమ్ముడు నన్ను గల్లా దగ్గర కూర్చోనివ్వడం లేదమ్మా. విశ్రాంతి తీసుకో అన్నయ్యా అంటాడు. అరిచినా బాగుండేది. పసిపిల్లాడితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడతాడు."

సుబ్బారావుని పిలిపించాం. చెడ్డవాడు కాదు. "మా అన్నయ్య మళ్ళీ అలా అయిపోతే నేను చూడలేనండి," అని కళ్ళు తుడుచుకున్నాడు. అన్నయ్యకు నయమైంది, పని చేసుకోనివ్వమని డాక్టరుగారు చెప్పినదంతా తల ఊపుతూ విన్నాడు. కొట్టుకు వెళ్ళాక మాత్రం ఏమీ మారలేదు.

చివరికి సత్యనారాయణ గారు రాజమండ్రి వచ్చి వేరొకరి కొట్లో బట్ట కొలిచే పనికి కుదిరారు. ఒకసారి నేను జాకెట్టు గుడ్డకు వెళితే ఆయనే కొలిచి ఇచ్చారు. నన్ను గుర్తుపట్టినా, పక్కవాళ్ళున్నారని కాబోలు, పలకరించలేదు. నేనూ పలకరించలేదు.

అప్పటినుంచి ఎవరికైనా మందు తగ్గించడం మొదలుపెడితే, వెంట వచ్చినవాళ్ళని ఒక మాట అడిగేదాన్ని. "ఈయన్ని మళ్ళీ పనిలో ఎప్పుడు కూర్చోబెడతారు?" జవాబు చెప్పేదాకా నేను అక్కణ్ణుంచి కదిలేదాన్ని కాదు.