కాకికి పెట్టిన నెత్తళ్ళు

నా బ్లాగుకు పాఠకులు తక్కువ, రకాలు ఎక్కువ. సంగం నుంచి ఒక రిటైరైన లెక్కల మాస్టారు నా అచ్చుతప్పులు పట్టడానికే చదువుతారు. హైదరాబాదులో ఒకావిడకు చేపల వంటలు తప్ప ఇంకేమీ పట్టవు. దేవుడు లేడనేవాళ్ళు కొందరు, ఉన్నాడని కొట్లాటకొచ్చేవాళ్ళు కొందరు. ఇక మా చిన్నాయన. ఒక్క ముక్క మెచ్చుకోడు, ఒక్క రోజు మానడు.

వీళ్ళందరినీ ఒకే దెబ్బకు మెప్పించాలన్న దురాశతో మా నాయనమ్మ పోయిన పదో రోజు సంగతి రాశాను.

ఆ రోజు మైపాడు ఒడ్డున పిండం పెట్టాం. కాకులు చుట్టూ తిరిగాయే కానీ ఒక్కటీ ముట్టలేదు. ఆమె కోరిక ఏదో మిగిలిపోయిందన్నారు పెద్దవాళ్ళు. ఒక్కొక్కరే ముందుకెళ్ళి మాటివ్వడం మొదలుపెట్టారు. చిన్నాయన సిగరెట్లు మానేస్తానన్నాడు. కాకులు నమ్మలేదు. ఎండ మండిపోతోంది, నాకు ఆకలి దంచేస్తోంది. దినం పూట ఉండకూడని వస్తువొకటి నా జేబులో ఉంది, దారిలో కొన్న నెత్తళ్ళ ఎండుచేపల పొట్లం. నాయనమ్మకు నెత్తళ్ళంటే ప్రాణం. సముద్రం వైపు చూస్తున్నట్టు నటిస్తూ నాలుగు తీసి పిండం కింద దోపాను. కాకి కంటే ముందు పురోహితుడికి వాసన తగులుతుందేమోనని భయపడ్డాను కూడా. అంతలో మా నాయన చేతులు జోడించి, "అమ్మా, అక్క ఇంక నా కాడే ఉంటది. నీ గది ఆమెదే" అన్నాడు. కాకి దిగింది.

అక్క అంటే మా అత్త. భర్త పోయాక ఆమెకు మేం తప్ప నా అన్నవాళ్ళు లేరు. ఆ గది రొయ్యల మేత బస్తాలకు కావాలని చిన్నాయన అప్పటికే అడిగి ఉన్నాడు. కాకి తీర్పు చెప్పాక మళ్ళీ నోరెత్తలేదు. అత్త ఆ గదిలోకి వచ్చి నాలుగేళ్ళు.

ఇదంతా రాసి, చివర్లో 'మా నాయన కాకిని నమ్మిన అమాయకుడు' అని ఒక చురక కూడా తగిలించాను. దేవుడు లేడనేవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఉన్నాడనేవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. హైదరాబాదు ఆవిడ నెత్తళ్ళను ముందు కడిగి వేయించాలా, వేయించి కడగాలా అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే చిన్నాయన ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కొలిచే టేపు పట్టుకుని వచ్చాడు. వసారాలో నిలబడి నా పోస్టు మొత్తం గట్టిగా చదివాడు.

"కాకి వచ్చింది చేపలకి. ఇంక ఆ మాట చెల్లదు. గది ఖాళీ చేయండి, బస్తాలు వానకి తడుస్తా ఉండాయి" అన్నాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నాది అత్త కాళ్ళ మీద పడింది. ఆమె లోపలికెళ్ళి, ట్రంకు పెట్టె తీసి చీరలు సర్దుకోసాగింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నలుగురిని నవ్వించడానికి ఆమె తలదాచుకునే చోటు పోగొట్టాను.

నాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"వాడు పెట్టేది నేను చూసినాలేరా" అన్నాడు చిన్నాయనతో. "చూసి, కాకి దగ్గరికి వచ్చేదాకా ఆగి, అప్పుడు చెప్పినాను ఆ మాట. నువ్వు నా మాట ఎప్పుడన్నా విన్నావా? కాకి మాటైతే వింటావని."

"అంటే మోసమే గదా."

"మోసమే. అయినా నేను మాటిచ్చింది కాకికి కాదు, అమ్మకి."

గదిలోంచి అత్త గొంతు వినిపించింది. "నెత్తళ్ళకి దిగింది కాబట్టే అది అమ్మ. ఉత్త అన్నానికి దిగుంటే నేను నమ్మేదాన్నే కాదు."

వాళ్ళమ్మ సంగతి చిన్నాయనకూ తెలుసు. టేపు చుట్టి జేబులో వేసుకుని, సిగరెట్టు వెలిగించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆనాడు ఆయన ఇచ్చిన మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. లోపల ట్రంకు పెట్టెను మళ్ళీ మంచం కిందికి తోసిన చప్పుడైంది.

పోస్టు తీసేస్తానన్నాను నాయనతో.

"ఎందుకు, ఉండనీ. నన్ను అమాయకుడని రాసినావే, అది మాత్రం తీసెయ్."

తీసేశాను. పాఠకుల్లో ఎవరూ గమనించలేదు, లెక్కల మాస్టారితో సహా. నాయన మాత్రం నా ఫోను అడిగి తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, చివరి పేరా రెండుసార్లు చదువుకున్నాడు.