తడి ఆరిన తర్వాత

పెరుగు గిన్నె మూత మీద బరువుగా పెట్టుకునే, గోధుమరంగు గీతున్న పాలరాతి ముక్కను కుళాయి కింద కడిగినప్పుడల్లా తడిసిన రాతిపొడి వాసన వస్తుంది. ఆ వాసనతోపాటు గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో మా బాపు పనిచేసిన రాళ్ల యార్డు మొత్తం మా హైదరాబాద్ వంటింట్లోకి దిగుతుంది. ఈ వారం ఆ ముక్కను మరీ ఎక్కువగా కడుగుతున్నాను. మా నాలుగేళ్ల పాప ఎడమ చెంప మీద, అచ్చం నాకున్నట్టే, గోధుమరంగు మచ్చ ఉంది. దానితో ప్రమాదమేమీ లేదని డాక్టరు చెప్పినా, బడిలో వేసేలోపు లేజరుతో తీయించమని అత్తయ్య అంటున్నారు. సోమవారానికి క్లినిక్‌లో తేదీ కూడా తీసుకున్నాను. అప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

రెండు వేల ఆరులో నాకు తొమ్మిదేళ్లు. అమ్మ నర్సు, బాపు యార్డులో ఫోర్‌మన్. శుక్రవారం అమ్మకు డ్యూటీ పడితే బాపు నన్ను వెంట తీసుకెళ్లేవాడు. ఖర్జూరాలు పండే ఉక్క, కోత మిషను చుట్టూ చిమ్మే పాలలాంటి నీళ్లు, చాయ్‌లో ముంచుకు తినే ఖుబ్బూస్ రొట్టె, అమ్మ కట్టిచ్చిన సకినాలను కరకరలాడిస్తూ ఇంకో రెండు అడిగే పఠాన్ డ్రైవరు, వీటన్నిటి మధ్య నాకు అన్నిటికన్నా ఇష్టం బాపు రాయిని పరీక్షించడం. కొత్త పలక దిగగానే తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా కదలకుండా చూసేవాడు. అంతా ఆరాక కూడా ఒక గీత వెంట తడి నిలిస్తే అది పగులు. తడి లేకుండా రంగు మాత్రమే ఉంటే అది రాతి నరం. పగిలిన పలక మీద ఇంజనీరు ఎర్ర సుద్దతో ఇంగ్లిషులో ‘ఫ్లా’, అంటే లోపం, అని రాసేవాడు, అది గోడ వెనక కుప్పలోకి పోయేది.

ఆ ఏడాది వీసా కోసం ఫొటో దిగితే, స్టూడియో అతను కంప్యూటర్లో నా చెంపను నున్నగా చేసి, “ఫ్లా ఖలాస్, బేటీ!” అని గర్వంగా చూపించాడు. నాకు గోడ వెనక కుప్ప గుర్తొచ్చింది. ఇంటికొచ్చి తడిగుడ్డతో ముఖం తుడుచుకుని, అద్దం పట్టుకుని ఏసీ ఎదురుగా కూర్చున్నాను.

“ఏమైంది బిడ్డా?” అన్నాడు బాపు.

“మొత్తం ఆరింది బాపూ, మచ్చొక్కటే ఆరలే. నేను పగిలిన.”

బాపు నవ్వాపుకుని, నా వేలితోనే నా మచ్చను తడిమించాడు. “తడి తగుల్తున్నదా?”

“లేదు.”

“మరి పగులెట్లయితది? గది నరం. గసొంటి రాయికే షేకులు ఎగవడ్తరు. పా, గీ ఫొటోల పిల్లెవరో నాకు తెల్వదు.”

మళ్లీ స్టూడియోకి తీసుకెళ్లి మచ్చతోనే ఫొటో తీయించాడు.

అయినా ఆ మాట నన్ను వదల్లేదు. బడి లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తీశాను. ఒకప్పుడు ‘ఫ్లా’ అంటే మంచు రేకు, నిప్పురవ్వ అట. తర్వాత రాతిపెచ్చు, ఆ తర్వాత పగులు, చివరికి మనిషిలోని లోపం. దాని వెనకున్న మంచుదేశాల పాత మాటకు రాతిపలక అనే అర్థం కూడా ఉందట. ఎండకు చెప్పులు నేలకతుక్కునే ఊళ్లో మంచు రేకు ఎలా ఉంటుందో తెలియక, ఫ్రిజ్‌లో పేరుకున్న మంచు గీకి అరచేతిలో పెట్టుకుని చూశాను. ఇదంతా చెప్తే బాపు చాయ్ తాగడం ఆపేశాడు.

“అంటే పలకకు పెట్టిన పేరుల ఆఖరికి పగులొక్కటే మిగిలిందా? ఏం మనుషులే!”

ఆ యార్డు ఇప్పుడు లేదు, అక్కడ కార్లు కడుగుతున్నారట. నరాలు అచ్చువేసిన టైళ్లొచ్చాక, తడిగుడ్డ పట్టుకుని రాయి ముందు కాచుకునే మనిషితో చాలా ఇళ్లకు పని లేకుండా పోయింది.

ఇవాళ సాయంత్రం పాప పాలరాతి ముక్కను తడిపి, ఆరేదాకా దాని ముందు కూర్చుంది. “అమ్మా, నీళ్లు పోయినయ్, గీత పోలే.”

“ముట్టి చూడు,” అన్నాను.

వేలితో తడిమి, “తడి లేదు,” అంది. అదే వేలితో ముందు తన చెంపను, తర్వాత నా చెంపను తాకి చూసింది.

సోమవారం రావడం లేదని క్లినిక్‌కు మెసేజ్ పెట్టాను. అత్తయ్యకు ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.