నా కళ్లద్దాలు చూసిన మనిషి

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. చూపు పోయాక మిగిలిన కాస్త భయం కూడా పోయింది. రోజంతా చీకట్లోనే తిరిగే మనిషిని చీకటి పేరు చెప్పి ఎవరు భయపెట్టగలరు? అందుకే ఈ సంగతి నలుగురికీ చెప్పడానికి చాలా రోజులు వెనకాడాను. నమ్మమని అడగడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. నేను మాట్లాడుతుంటే ఫోన్ రాసుకుంటోంది, తప్పులు మా ఆయన దిద్దాడు.

మాది పద్మారావు నగర్. నీటికాసుల జబ్బుతో, అదే గ్లకోమాతో, నలభై దాటాక రెండేళ్లలో నాకు చూపు మొత్తం పోయింది. ఒక ఆఫీసులో ఫోన్ల దగ్గర పని చేస్తాను. పొద్దున ఇంటి నుంచి చిలకలగూడ మీదుగా నడిచి సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్లి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కుతాను. సాయంత్రం అదే దారిలో తిరిగొస్తాను. చేతిలో తెల్ల కర్ర. ఆ దారిలో ఎక్కడ ఎత్తుందో ఎక్కడ గుంత ఉందో నా కాళ్లకు తెలుసు.

పోయిన సంవత్సరం మా ఆయన నాకు ఒక కళ్లద్దాల జత కొన్నాడు. ఫ్రేములో చిన్న కెమెరా, చెవి దగ్గర చిన్న స్పీకరు. "ముందు ఏముంది?" అని అడిగితే ఫోటో తీసుకుని, ఏం కనిపిస్తోందో తెలుగులో చెప్తుంది. చెప్పిన ప్రతి మాటా, తీసిన ప్రతి ఫోటో టైముతో సహా ఫోన్‌లో ఉండిపోతాయి.

పెట్టుకున్న మొదటి రోజు మా ఆయన వైపు తిరిగి అడిగాను. "ఒక పురుషుడు నవ్వుతూ నిలబడి ఉన్నారు. జుట్టు పూర్తిగా తెల్లగా ఉంది" అంది. ఈయనేమో ఇంకా రంగు వేసుకుంటున్నానని నాతో చెప్తున్నాడు! ఆ రోజు ఎంత నవ్వుకున్నామో. తర్వాత అద్దం ముందు నిలబడి అడిగాను. "ఒక మహిళ ఏడుస్తున్నారు" అంది. అవును, ఏడుస్తున్నాను. ఎన్నేళ్ల తర్వాతో నన్ను నేను చూసుకున్నట్టయింది.

తప్పులు కూడా చెప్పేది. దండెం మీద ఆరేసిన లుంగీని చూసి ఎవరో మనిషి ఉన్నాడంది. ఒకసారి ఇసుక కుప్పను పడుకున్న కుక్క అంది. ఇది కూడా ముందే చెప్పాలి, దాచడం న్యాయం కాదు.

ఈ సంగతి జరిగిన రోజు మధ్యాహ్నం పెద్ద వాన. ఆఫీసులో తొందరగా వదిలేశారు. నేను స్టేషన్లో దిగేసరికి వాన ఆగింది. చిలకలగూడ దాటి మా వైపు తిరిగే గల్లీలోకి వచ్చాను. పాదాలు మునిగేంత నీళ్లు. కర్రతో తడుముకుంటూ నడుస్తున్నాను గానీ, నీళ్లు లాగుతుంటే కర్రకు నేల సరిగా అందడం లేదు. ఆగి అడిగాను.

"ముందు ఏముంది?"

"రోడ్డు నిండా నీరు ఉంది. మీకు ఎదురుగా, చాలా దగ్గరగా, ఒక వృద్ధ మహిళ నిలబడి ఉన్నారు. కుడి చెయ్యి అడ్డంగా చాపారు."

ఎవరో దారి దాటుతున్నారనుకున్నాను. "అమ్మా, జెర పక్కకు జరుగుతరా?" అన్నాను. జవాబు లేదు. నీళ్ల చప్పుడు తప్ప మనిషి అలికిడి లేదు. అంత దగ్గర మనిషి ఉంటే నాకు తెలుస్తుంది. ఊపిరో, చీర కదలడమో, ఏదో ఒకటి. ఏమీ తెలియలేదు.

ఆమె ఎలా ఉన్నారని అడిగాను.

"ఆకుపచ్చ చీర మీద నారింజ రంగు జాకెట్ వేసుకున్నారు. తలకు పసుపు రంగు తువ్వాలు చుట్టుకున్నారు. కుడి చేతికి పురుషులు ధరించే పెద్ద గడియారం ఉంది. తల అడ్డంగా ఊపుతున్నారు."

ఫోటోలో తల ఊపడం ఎలా కనిపిస్తుందని అప్పుడు నాకు తట్టలేదు. నేను అడుగు వెయ్యకుండా అక్కడే నిలబడ్డాను. అర నిమిషమో, ఇంకా ఎక్కువో.

అంతలో వెనక నుంచి కేక వినిపించింది. "అక్కా! ఆగు! కదలకు!"

సత్తన్న. ఆ గల్లీ మొదట్లో ఇస్త్రీ బండి ఆయనది. నీళ్లలో దబదబా పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

"మూత లేచిపోయింది అక్కా. నీళ్లు సుడి తిరుగుతున్నయ్. గిప్పుడే చూసిన."

నా కర్ర తీసుకుని నీళ్లలోకి దించాడు. నా చెయ్యి కూడా కర్ర మీదే ఉంచాడు. కర్ర దిగుతూనే ఉంది. నా వేళ్లకు నీళ్లు తగిలే దాకా దిగింది, అడుగు తగల్లేదు. వాన నీళ్ల ఒత్తిడికి మ్యాన్‌హోల్ మూత లేచి కొట్టుకుపోయింది. నేను నిలబడిన చోటికి ఒక్క అడుగు దూరం.

సత్తన్న నన్ను నడిపించుకెళ్లి బండి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఆ పెద్దమ్మ ఏది సత్తన్నా? పాపం, ఆమె నన్ను ఆపింది" అన్నాను.

"ఏ పెద్దమ్మ?"

"నా ముందు నిలబడ్డది కదా."

"ఎవరు లేరక్కా. నువ్వు ఒక్కదానివే మాట్లాడుతున్నవ్. ఫోన్ల మాట్లాడుతున్నవనుకున్న."

అద్దాలు చెప్పినవన్నీ చెప్పాను. ఆకుపచ్చ చీర, నారింజ జాకెట్, పసుపు తువ్వాలు. మగవాళ్ల గడియారం దగ్గరికి వచ్చేసరికి సత్తన్న నా దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు.

"గట్ల ఉండేది మన నర్సమ్మ. ఆమె మొగుని గడియారం అది. ఆయన పోయినంక ఆమెనే పెట్టుకునేది."

నర్సమ్మ ఎవరో నాకు తెలుసు. కానీ ఆమె ఎలా ఉంటుందో తెలియదు.

నాకు చూపు పోయిన కొత్తలో మున్సిపాలిటీ తరఫున ఆ గల్లీ ఊడ్చే మనిషి నర్సమ్మ. ఊడ్చేవాళ్లు డ్యూటీలో వేసుకునేదే ఆ నారింజ జాకెట్. పొద్దున నా కర్ర చప్పుడు వినగానే చీపురు ఆగేది. వచ్చి నా చెయ్యి పట్టుకుని గల్లీ చివరి దాకా నడిపించేది. "పైలం బిడ్డా, పైలం" అని జాగ్రత్త చెప్పేది. నేను అడగలేదు, ఆమె పని కూడా కాదు అది. దాదాపు మూడేళ్లు అలా చేసింది. పట్టుకున్నప్పుడు ఏదో చల్లటి ఇనుము నా మణికట్టుకు తగిలేది. కడియం అనుకున్నాను.

ఒక రోజు చీపురు చప్పుడు మారింది. అడిగితే కొత్తామె "నాకు ఎర్క లేదమ్మా, డ్యూటీ మారిందేమో" అంది. నేను సరే అనుకున్నాను. అప్పటికి ఒంటరిగా నడవడం అలవాటైంది. మళ్లీ అడగలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

"ఆమె ఇప్పుడు ఏడున్నది?" అని అడిగాను.

"పోయింది గదక్కా. పోయినేడు ఎండకాలంల. నీకు ఎవరు చెప్పలేదా?"

సాయంత్రం మా ఆయన ఫోన్ తెరిచి చూశాడు. నాలుగు దాటి పన్నెండు నిమిషాలకు అద్దాలు చెప్పిన మాటలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. గడియారం సంగతితో సహా చదివి వినిపించాడు. ఫోటోలు కూడా రెండు ఉన్నాయి. రెండింటిలోనూ బురద నీళ్లు, ఒక ప్రహరీ గోడ, గోడ పక్కన స్కూటరు. మనిషి లేదు. అవే ఫోటోలు మళ్లీ దానికే చూపించి అడిగాం. "రోడ్డు మీద నీరు, గోడ, ఒక స్కూటర్ ఉన్నాయి" అంది. ఎన్నిసార్లు అడిగినా అంతే. కంపెనీ వాళ్లకు రాస్తే, ఒక్కోసారి లేనివి కూడా చెప్పే అవకాశం ఉందని, దాని మీదే ఆధారపడవద్దని మర్యాదగా జవాబు ఇచ్చారు.

"లుంగీని మనిషి అన్నది గుర్తులేదా? గట్లనే ఇది సుత" అన్నాడు మా ఆయన. నిజమే కావచ్చు. అన్నాడు గానీ, ఆ రాత్రి ఆయన సరిగా అన్నం తినలేదు.

తర్వాతి ఆదివారం సత్తన్నను అడిగి నర్సమ్మ కూతురి ఇల్లు కనుక్కున్నాం. ఆమె పేరు మంజుల. ఒక హాస్టల్లో వంట చేస్తుంది. చిలకలగూడ దగ్గరే చిన్న ఇల్లు. మేం ఎందుకు వచ్చామో తెలియక పాపం కొంచెం పరేషాన్ అయింది. కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

చెప్పాలా వద్దా అని దారంతా తన్నుకులాడాను. కానీ అక్కడికి వెళ్లి అబద్ధం చెప్పలేకపోయాను. వాళ్లమ్మ మూడేళ్లు నన్ను ఎలా నడిపించిందో ముందు చెప్పాను. తర్వాత వాన రోజు సంగతి చెప్పాను. మా ఆయన ఫోన్‌లోవి చదివాడు. ఇది మిషన్ చేసిన తప్పు కూడా కావచ్చమ్మా అని కూడా చెప్పాడు.

కోపం వస్తుందేమో అనుకున్నాను. మంజుల నా దగ్గరికి జరిగి నేల మీద కూర్చుంది.

"మేడమ్, నిలవడ్డదా మా అమ్మ?"

నాకు అర్థం కాలేదు.

"ఆఖర్ల ఆరు నెలలు మంచం దిగలే. కాళ్లు ఇంతింత వాచినయ్. బాత్రూమ్‌కు సుత నేనే ఎత్తుకపోయేదాన్ని. ఒక్కసారి లేపి నిలవెట్టు బిడ్డా అని రోజూ అడిగేది. నాతోని కాలే." నా మోకాలి మీద చెయ్యి వేసింది. "మీ అద్దాలల్ల నిలవడే ఉన్నదా?"

మా ఆయన ఫోన్ తీసి ఆ ఒక్క వాక్యం మళ్లీ చదివాడు. "ఒక వృద్ధ మహిళ నిలబడి ఉన్నారు."

"ఇంకోసారి చదువుండ్రి అన్నా" అంది. మూడుసార్లు చదివించుకుంది. తర్వాత లేచి, వద్దంటున్నా వినకుండా మా కోసం చాయ్ పెట్టింది. లోపల గిన్నెలు కదిలిస్తూ ఏడుస్తోందని నాకు వినపడుతోంది.

వెళ్లేటప్పుడు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. వాళ్లమ్మకు నేను ఒక్కసారి కూడా చెప్పని మాట ఆమెకు చెప్పాను. నీ తల్లి వల్ల బతికి ఉన్నానమ్మా అన్నాను. ఏ రోజు సంగతి చెప్తున్నానో, ఆ మూడేళ్లదో, వాన రోజుదో, నాకే తెలియలేదు.

లేని మనిషిని చెప్పడం అద్దాల తప్పే అనుకుందాం. ఆ తప్పు సరిగ్గా ఆ గుంత ముందు ఎందుకు చేసింది? నేనెప్పుడూ చూడని మనిషి చేతి గడియారం దానికి ఎలా తెలిసింది? సత్తన్నను అడిగాను, మా ఆయనను అడిగాను, కంపెనీని అడిగాను. మంజుల మాత్రం నన్ను ఏ జవాబూ అడగలేదు. మొన్న పండక్కి ఇంటికొచ్చి, 'నిలబడి ఉన్నారు' అన్న ఆ వాక్యాన్ని తన ఫోన్‌లోకి పంపించుకుని వెళ్లింది.