ఉయ్యాలల మిల్లు

పొట్లం చింపగానే వచ్చిన వేయించిన శనక్కాయ గింజల వాసన నా ముక్కు దగ్గర ఆగలేదు, నేరుగా నా మూడో తరగతిలోకి పోయి చాప పరుచుకొని కూర్చుంది. మొన్న మా ఆఫీసులో ఉద్యోగుల సంతోషం వల్ల సంస్థకు ఎంత లాభమో చెప్పడానికి బెంగళూరు నుంచి ఒక కుర్రవాడు వచ్చి, మంచుగడ్డల గోడౌను లాంటి ఏసీ గదిలో మమ్మల్ని కదలకుండా కూర్చోబెట్టి, గోడ మీద బొమ్మలు మారుస్తూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా సంతోషం గురించి చెప్పి చెప్పి మమ్మల్ని ఏడిపించినంత పని చేశాడు. మధ్యలో టీతో పాటు తలా ఒక గింజల పొట్లం ఇచ్చారు. మా సంతోషానికి ఆ రోజు జరిగిన మేలు అదొక్కటే.

ఉరవకొండకు అవతల మా ఊళ్లో వాన అంటే దూరపు చుట్టం. వచ్చినట్టే వచ్చి, గడపలో చెప్పులైనా విడవకుండా, మళ్లీ వస్తాలెమ్మని పోయేది. గాలికి మాత్రం కొదవ లేదు. ఆషాఢ మాసపు గాలికి మా ఊరి కోళ్లు ఒక వీధిలో మేత మొదలుపెట్టి ఇంకో వీధిలో ముగించేవి, ఆరేసిన పంచెలు పక్క ఊరి కంపచెట్ల మీద దొరికేవి. ఆ గాలికీ ఆ ఎండకీ ఓర్చుకొని మా ఎర్రనేలలో పండేది శనక్కాయ ఒక్కటే కాబట్టి, మేము పొద్దున గింజలు నూరిన ఊరుబిండి పచ్చడి నంజుకొని సంగటి తిని, మధ్యాహ్నం పచ్చికాయలు ఒలుచుకొని, సాయంత్రం బొరుగుల్లో గింజలు కలుపుకొని, రాత్రికి మళ్లీ ఊరుబిండి దగ్గరికే చేరేవాళ్లం. మా ఒంట్లో నెత్తురు తీసి గానుగలో పోస్తే నూనె దిగేదని నా గట్టి నమ్మకం.

ఊరి చివర నాగప్ప మిల్లు ఉండేది. నాగప్ప మనిషి చిన్నవాడే గానీ మీసం పెద్దది, వీధి మలుపులో ముందు మీసం కనబడి, కాసేపటికి నాగప్ప వచ్చేవాడు. మిల్లులో ఒక మిషను కాయలను ఒలిచేది. అది తిరుగుతుంటే ఊళ్లో గిన్నెలు బోర్లించి పెట్టినవి వాటంతటవే వెల్లకిలా పడేవి. ఒలిచిన పొట్టు వెనకాల కొండలా పేరుకునేది, దాని ముందు ఉరవకొండ కొండ కూడా కొంచెం సిగ్గుపడేది. బడి వదలగానే మేము ఆ పొట్టు మీదికెక్కి జారేవాళ్లం. జారి లేచాక జుట్టులో, చెవుల్లో, లంగా మడతల్లో చిక్కుకున్న పొట్టుతో రెండు పూటలు పొయ్యి మండేది.

మిషను నుంచి వచ్చిన గింజల్లో పుచ్చువీ, ముక్కలైనవీ, మట్టిబెడ్డలూ చేత్తో ఏరి తీసేయాలి. ఆ పని ఆడవాళ్లది. రేకుల షెడ్డులో వరుసగా కూర్చొని, ముందు గింజలు పోసుకొని ఏరేవాళ్లు. మా అమ్మ ఓబుళమ్మ అందులో ఒకతె. ఆమె చేతులు గింజల్లో పరుగెత్తుతుంటే వేళ్లు ఎన్నో నాకెప్పుడూ లెక్క తేలేది కాదు.

ఆ షెడ్డులో అసలు వింత పైన ఉండేది. దూలాలకు వరుసగా ఇనప కొక్కేలు, కొక్కేలకు పాత చీరల ఉయ్యాలలు, ఉయ్యాలల్లో పిల్లలు. ఒక్కో ఉయ్యాల నుంచి ఒక సన్నని తాడు కిందికి దిగి, తల్లి కాలి బొటనవేలికి ముడిపడి ఉండేది. చేతులు గింజలు ఏరుతుంటే బొటనవేలు బిడ్డను ఊపేది. ఎవరైనా నీళ్లకు లేస్తే పక్కామె ఆ తాడు తన రెండో కాలికి తగిలించుకునేది. ఏరేవాళ్లలో పెద్దదైన మారెక్కకు పిల్లలు పెరిగి పెళ్లిళ్లయిపోయినా, బొటనవేలు ఊరికే ఉంటే చేతులు ఆడవని చెప్పి ఎవరి తాడో ఒకటి అడిగి కట్టించుకునేది. మిషను చప్పుడే పిల్లలకు జోలపాట. కరెంటు పోయి మిషను ఆగిందంటే ఉయ్యాలలన్నీ ఒక్కసారిగా అందుకునేవి. ఆ ఏడుపు విని లైన్‌మన్ పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చేవాడు.

ఆ కొక్కేలు కొట్టించింది నాగప్పే. ఒకసారి గోనెసంచి మీద పడుకోబెట్టిన పసిబిడ్డను చీమలు కుడితే, ఆ ఏడుపు ఆయన విన్నాడు. మరునాడే కమ్మరిని పిలిపించి దూలాలన్నిటికీ కొక్కేలు బిగించాడు. అప్పటి నుంచి పొద్దున షెడ్డులోకి వస్తూనే ముందు పైకి చూసి, తర్వాత కిందికి చూసేవాడు.

"ఏమ్మే ఓబుళమ్మా, నీ కొడుకు నిద్రపోతాండాడా, నా మీద కన్నేసి పెట్టినాడా?" అనేవాడు మా తమ్ముడు సూరిగాణ్ని చూసి.

"నీ మీసం జూసి జడుసుకుంటాండాడప్పా, అవతలికి పో," అనేది మారెక్క.

ఉగాదికి ఏరేవాళ్లందరి ఇళ్లకూ ఆయన ఓళిగలు, అదే బొబ్బట్లు, పంపేవాడు. ఒక్కో ఓళిగ చక్రమంత ఉండి, దాని మీద పోసిన నెయ్యి ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరేసరికి మాకు ఆకలి రెండింతలయ్యేది. నాగప్ప మిల్లు గింజలంటే బళ్లారి వ్యాపారులు సంచి విప్పి చూడకుండా తీసుకునేవాళ్లు. లారీ డ్రైవరు ఖాదర్ వచ్చి టీ తాగేలోపు లోడు సిద్ధంగా ఉండేది, పాపం ఆయన ఏనాడూ టీ వేడిగా ఉండగా పూర్తిగా తాగలేదు.

ఆ తర్వాత ఒక ఏడు ముంగారు వాన, అంటే తొలకరి, ఒక్కసారి తొంగిచూసి మొహం చాటేసింది. చేలల్లో చెట్లు జానెడు లేచి అక్కడే ఆలోచనలో పడ్డాయి. మిల్లుకు కాయలు రావడం తగ్గింది. మిషను సగం పూట తిరిగి సగం పూట ఆవులించేది. నాగప్ప మీసం కూడా కిందికి వాలింది. అప్పుడు ఆయనకు ఎవరో, బళ్లారిలో ఒక పెద్ద మిల్లు ఉందనీ, కరువులో కూడా అది నిండుగా నడుస్తున్నదనీ చెప్పారు. పోయి చూసి వచ్చాడు. వచ్చిన మనిషి వేరే మనిషి.

"ఆడ ఒక్క పిల్లోడు ఏడ్చలే. ఒక్కరు నోరు తెరచలే. గింజలు రాలే సద్దు తప్ప ఇంకేం లేదు," అన్నాడు షెడ్డు మధ్యలో నిలబడి, గుడికి పోయి వచ్చినవాడిలాగా.

"అది మిల్లా, సమాధా?" అంది మారెక్క.

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే నాగప్ప నవ్వలేదు. ఆ రోజే ఉయ్యాలలు విప్పేశాడు. ఇంకొకరికి చెప్పి చేయించి ఉంటే మాకు ఆయన మీద కోపం తెచ్చుకోవడానికైనా వీలుండేది. తనే స్టూలు వేసుకొని ఎక్కి, ఒక్కో చీరా విప్పి, నాలుగు మడతలు వేసి, ఎవరిది వాళ్ల ఒళ్లో పెట్టాడు. మా సూరిగాడు నిద్రపోతుంటే వాడు లేచేదాకా స్టూలు మీదే కాచుకొని నిలబడ్డాడు. వాడు ఆ రోజు కుంభకర్ణుడికి పాఠం చెప్పేటంత నిద్రపోయాడు. వాడు లేచాక ఆ చీర కూడా విప్పి, కళ్లెత్తకుండా మా అమ్మకిచ్చాడు.

ఇక పిల్లలను ఎక్కడ ఉంచాలి? అందరిళ్లలోనూ నా వయసు ఆడపిల్లలను బడి మానిపించి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చంకనేశారు. నేనూ మానేశాను. సూరిగాడు ఏడాదైనా నిండకముందే తూకపు రాయంత బరువుండేవాడు. ఇప్పటికీ నా ఎడమ నడుము కుడిదానికంటే కిందికి ఉందని జాకెట్లు కుట్టే ఆమె అంటుంది, నేను తమ్ముడి పేరే చెబుతాను. బడి గంట వినబడినప్పుడల్లా వాణ్ని కిందికి దించి, ఆ గంట అయిపోయేదాకా నిలబడి, మళ్లీ ఎత్తుకునేదాన్ని.

షెడ్డులో నాగప్ప కోరుకున్న నిశ్శబ్దం వచ్చింది. పని మాత్రం రాలేదు. పాలు చేపుకొచ్చి, రవికలు తడిసి, ఒక్కొక్కరే లేచి గేటు దాకా పోయి ఇంటి వైపు చూసి వచ్చేవాళ్లు. చేతులు గింజల మీద, చెవులు ఊళ్లో. నాగప్ప కుర్చీ వేసుకొని ఎదురుగా కాపలా కూర్చున్నాడు, అంతమాత్రాన పుచ్చుగింజలకు భయం కలిగి వాటంతటవి పక్కకు తప్పుకోలేదు. మా అమ్మ బొటనవేలు తాడు లేకుండానే ఆడుతూ ఉండేదట, మారెక్క చూసి "ఎవుర్ని ఊపుతాండావే?" అంటే అప్పుడు ఆగేదట. ఖాదర్ ఇప్పుడు వేడి టీ పూర్తిగా తాగి, లారీ కింద ఒక నిద్ర తీసి, లేచి మొహం కడుక్కున్నా లోడు సగం కూడా అయ్యేది కాదు. సంచులు వెనక్కి తిరిగి రావడం మొదలైంది.

ఒక రోజు అమ్మ నాగప్ప ముందు నిలబడింది. నేను సూరిగాణ్ని ఎత్తుకొని గేటు దగ్గరే ఉన్నాను.

"నా కూతురి సదువు మానిపిచ్చి నీ గింజలేరల్లా అప్పా? నేనింక రాను."

"నిన్ను రావద్దంటినా? పిల్లోన్ని తేవద్దంటి."

"రొండూ ఒకటే గదప్పా."

అమ్మ చీర కొంగు దులుపుకొని బయటికి వచ్చేసింది. మరునాడు నేను బడికి, అమ్మ గట్టు మీద చెట్టుకొమ్మకు అదే చీర కట్టి సూరిగాణ్ని అందులో వేసి కలుపు పనికి. కూలి తక్కువ, ఎండ ఎక్కువ. ఆమె వెనకే మారెక్క, మారెక్క వెనక మిగతావాళ్లు మానేశారు. కొందరు మొగుళ్లతో బెంగళూరుకు ఇళ్లు కట్టే పనికి పోయారు.

అసలు సంగతి బయటపడింది ఖాదర్ వల్ల. ఖాళీ షెడ్డులో కూర్చొని నాగప్ప బళ్లారి మిల్లును మళ్లీ పొగుడుతుంటే, నెలకు నాలుగుసార్లు ఆ మిల్లుకు లోడు దించే ఖాదర్ అడిగాడు.

"గోడెనక చూసినావా అన్నా?"

"గోడెనక ఏముండాది?"

"పిల్లోళ్లుండారు. తడికెల గది, ఇద్దరు ముసిలోళ్లు, దండిగా ఉయ్యాలలు. తల్లులు మద్దెమద్దెలో పోయి పాలిచ్చి వస్తారు. నువ్వు ముందర ఆఫీసులో కాఫీ తాగి వచ్చినట్లుండావు."

నాగప్ప ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో మీసం ముందు కనబడలేదు, మనిషీ మీసమూ కలిసే వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మళ్ల కట్టిస్తానమ్మా. ఇంగా రొండు కొక్కేలు ఎక్కువే కొట్టిస్తా. వాళ్లది పైపైన చూసొచ్చి నాది చెడగొట్టుకుంటి."

అమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "ఈ పొద్దు కట్టి, రేపు ఇంగో మిల్లు చూసొచ్చి ఇప్పితే? పిల్లదాన్ని మళ్ల బడి మానిపిచ్చల్లా? నేను రాలేనప్పా."

ఆయన తలూపి పోయాడు. కొక్కేలు మాత్రం కొట్టించాడట. ఎక్కడెక్కడి నుంచో కొత్తవాళ్లను తెచ్చుకొని కొన్నాళ్లు నడిపి, మరుసటి కరువుకు మిల్లు మూసేశాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ కరువులో చుట్టుపక్కల చాలా మిల్లులు మూతపడ్డాయి. ఉయ్యాలలు ఉండి ఉంటే వాన కురిసేదని నేనైనా అనలేను, అంత కోత కోయడం నాకే చేతకాదు. ఆ ఆడవాళ్లు ఉండి ఉంటే ఇంకో ఏడాదో రెండేళ్లో అది నిలబడి ఉండేదని మాత్రం ఖాదర్ బతికున్నంత కాలం చెప్పాడు. "పోయింటే బాగుండె," అని అమ్మ ఇప్పటికీ అంటుంది. గుమ్మం దాకా వచ్చి అడిగినాడే, అంటుంది. ఆమె పోకపోవడం వల్లే కదా నా చదువు తెగలేదు అని నేనంటే, "అది గూడా నిజమే," అని, మళ్లీ "అయినా పోయింటే బాగుండె," అంటుంది.

ఇప్పుడు ఆ షెడ్డు పెళ్లిళ్ల హాలు. పోయిన వేసవిలో భోజనానికి పోయి తలెత్తి చూస్తే, కొత్తగా వేసిన తెల్ల రంగు కింద కొక్కేలు అలాగే ఉన్నాయి, వాటికి ప్లాస్టిక్ పూలదండలు వేలాడదీశారు. పొట్టు కొండ లేదు, మిషను చప్పుడు లేదు, ఊరుబిండి కూడా వడ్డించలేదు. ఊరి అవతల గుట్టల మీద మా ఆషాఢం గాలిని పట్టి కరెంటు తీసే పెద్ద పెద్ద రెక్కలు తిరుగుతున్నాయి. కోళ్లు మాత్రం ఏ వీధివి ఆ వీధిలోనే ఉన్నాయి, దడుల్లో.

మొన్నటి ఆఫీసు శిక్షణ చివర ఆ బెంగళూరు కుర్రవాడు, ఉద్యోగుల సంక్షేమానికి మీకు తెలిసిన ఒక మంచి పద్ధతి చెప్పమని అడిగాడు. బొటనవేలికి తాడు అన్నాను. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వి, నా పక్కనున్న అమ్మాయిని ఫోను లోపల పెట్టమన్నాడు. ఆ ఫోనులో ఆమె బిడ్డ, ఎక్కడో ఒక గదిలో, నిద్ర లేచి కూర్చొని ఉంది.

నా పొట్లం తినకుండా ఇంటికి తెచ్చి అమ్మకిచ్చాను. ఆమె దాన్ని కంచంలో పోసుకొని, తినమని తెచ్చిన గింజలను ఏరడం మొదలుపెట్టింది. మాడినవి ఒక పక్క, ముక్కలు ఒక పక్క. చూస్తే కుడికాలి బొటనవేలు కదులుతోంది, ముందుకీ వెనక్కీ, మెల్లగా. సూరిగాడు ధర్మవరంలో తన మనవరాలిని ఎత్తుకొనే వయసుకు వచ్చాడు.

"ఎవర్ని ఊపుతాండావమ్మా?" అన్నాను.

అమ్మ వంగి కాలి వైపు చూసుకుంది. కదలడం ఆగింది.

"దానికెవురు సెప్పినారు, మిల్లు మూసినారని," అంది, మళ్లీ గింజల్లో చెయ్యి పెట్టి.